తలుపా, పంపా: మూత్రపిండ కణాలలో ఉప్పు దాటే తీరుపై ప్రాజెక్టు డైరీ

జూలై 3: ప్రశ్న, దాని వెనుక లెక్క

ఈ ప్రాజెక్టుకు పెట్టుకున్న ప్రశ్న చిన్నదే. మూత్రపిండ కణం గుండా సోడియం ఎంత వేగంగా దాటాలో నిర్ణయించేది మూత్రం వైపు పొరలో ఉండే అయాన్ చానలా (విద్యుదావేశమున్న అణువులు, అంటే అయాన్లు, దిగే సన్నని దారి), రక్తం వైపు పొరలో ఉండి శక్తి ఖర్చుపెట్టి సోడియాన్ని బయటికి తోడే సోడియం-పొటాషియం పంపా? రెండూ కలిసి పనిచేస్తాయని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. అయితే వరుసగా జరిగే రెండు పనులలో ఏదో ఒకటి నెమ్మదిగా సాగుతుంది, రెండోది దానికోసం ఆగవలసి వస్తుంది. ఆ నెమ్మది ఎక్కడుందో తెలిస్తే హార్మోను ఎక్కడ పట్టుకుంటుందో, మూత్రం ఎక్కువ చేయించే మందు ఎక్కడ తగిలితే ఫలితం ఉంటుందో కూడా తెలుస్తుంది.

ముందుగా శరీరం మొత్తం లెక్క వేసుకున్నాను. ఆరోగ్యవంతమైన పెద్దవారిలో మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. లీటరుకు 140 మిల్లీమోల్ చొప్పున చూస్తే అందులో 25,000 మిల్లీమోల్‌కు పైగా సోడియం ఉంటుంది. మామూలు ఉప్పు రూపంలో చెప్పుకోవాలంటే అది దాదాపు కిలోన్నర. ఇంతలో మూత్రంతో బయటికి పోయేది సాధారణంగా ఒక శాతం లోపే. వడపోసిన ద్రవం వరుసగా దాటే గొట్టపు భాగాలలో, మూడింట రెండు వంతులు మొదటిదైన సమీపస్థ సంవళిత నాళికలోనూ, దాదాపు నాలుగో వంతు హెన్లీ శిక్యపు మందపాటి ఆరోహక భాగంలోనూ, 5 నుంచి 7 శాతం దూరస్థ సంవళిత నాళికలోనూ తిరిగి రక్తంలోకి చేరగా, మిగిలిన కొద్ది శాతం చివరిదైన సంగ్రహణ నాళానికి వస్తుంది. ఆ కొద్ది శాతమే మూడు అనుకున్నా రోజుకు 44 గ్రాముల ఉప్పు అవుతుంది. శరీరం అవసరాన్ని బట్టి తగ్గించేదీ పెంచేదీ ప్రధానంగా ఈ చివరి భాగంలోనే కాబట్టి, రక్తపోటు కథ చాలావరకు ఇక్కడే నడుస్తుంది.

సంగ్రహణ నాళాన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సమీపస్థ నాళికలో సోడియం ప్రధానంగా హైడ్రోజన్ అయానుతో మార్పిడిగానో, గ్లూకోజు వంటి పదార్థాలకు తోడుగానో లోపలికి వస్తుంది. దూరస్థ నాళికలో ఒక సోడియం, ఒక క్లోరైడ్ జంటగా వస్తాయి. ఆ జంటకు నికర విద్యుదావేశం ఉండదు కనుక విద్యుత్ పరికరానికి అది కనబడనే కనబడదు. సంగ్రహణ నాళపు ముఖ్య కణంలో మాత్రం సోడియం ఒంటరిగా, ఈనాక్ అనే చానల్ గుండా, తన ధనావేశంతో సహా లోపలికి వస్తుంది. అంటే దాని ప్రయాణాన్ని కరెంటుగా కొలవవచ్చు.

జూలై 9: కణాల పెంపకం

మేము వాడుతున్నవి ఎంపీకే-సీసీడీ కణాలు. ఎలుక సంగ్రహణ నాళపు ముఖ్య కణాల నుంచి వచ్చిన ఈ వంశాన్ని 1999లో మొదటిసారి వర్ణించారు. వీటి గొప్పదనం ఏమిటంటే, వర్ధన యానకంలో (కణాలను పెంచే పోషక ద్రావణంలో) ఎన్ని తరాలు పెంచినా కార్టికోస్టిరాయిడ్ హార్మోన్లకు స్పందించే గుణాన్ని, ఈనాక్ చానళ్లను నిలుపుకుంటాయి.

మామూలు ప్లాస్టిక్ పాత్రలో ఇవి పొరగా అల్లుకున్న తరువాత సూక్ష్మదర్శినిలో ఒక దృశ్యం కనబడుతుంది. చదునైన పొరలో అక్కడక్కడా గుండ్రని బుడిపెలు లేస్తాయి. ఫోకస్‌ను పాత్ర అడుగుకు సరిచేస్తే చుట్టూ ఉన్న కణాలు స్పష్టంగా ఉండి బుడిపె నడుమ ఉన్నవి మసకబారతాయి. ఫోకస్‌ను కాస్త పైకి జరిపితే బుడిపె శిఖరం మీది కణాలు తేటపడి చుట్టుపక్కలవి మసకబారతాయి. కణాలు పైనున్న యానకం నుంచి ఉప్పును, దానివెంట నీటిని అడుగుకు తోడేస్తున్నాయి. అడుగున ప్లాస్టిక్ ఉంది కనుక ఆ ద్రవానికి పోయే దారి లేదు, అందుకే పొర పైకి ఉబ్బుతుంది. ఏ పరికరమూ తగిలించకముందే కణాలు తమ వృత్తిని మరచిపోలేదని చెప్పే సాక్ష్యం ఇది.

కొలతల కోసం వీటిని ప్లాస్టిక్ మీద గాక, 0.4 మైక్రాన్ల రంధ్రాలున్న పలుచని ఫిల్టరు అడుగుగా ఉన్న కప్పులలో పెంచుతున్నాము. కప్పు లోపలి యానకం మూత్రం వైపు, కప్పు కింద ఉన్న యానకం రక్తం వైపు. కణాలు తమంతట తామే ఏ వైపు ఏ ప్రొటీను ఉండాలో సర్దుకుంటాయి: ఈనాక్ పైకి, పంపు కిందికీ పక్కలకూ. ఈ సర్దుబాటే లేకపోతే ఉప్పు ఒక దిశలో ప్రయాణించే ప్రసక్తే ఉండదు. కణాల నడుమ సందులను మూసే టైట్ జంక్షన్లు బిగుసుకునే కొద్దీ పొర విద్యుత్ నిరోధం పెరుగుతుంది. అది చదరపు సెంటీమీటరుకు 1000 ఓమ్‌లు దాటని ఫిల్టర్లను ప్రయోగానికి తీసుకోవద్దని నియమం పెట్టుకున్నాము. కారే పొరలో చానల్ గుండా వెళ్లినదేదో, కణాల సందులో నుంచి జారినదేదో వేరుచేయడం కష్టం.

జూలై 17: పరికరం సిద్ధం

ఉస్సింగ్ చాంబర్ పని సూత్రం అందంగా ఉంటుంది. కణాల పొరను రెండు గదుల మధ్య గోడగా నిలబెట్టి, రెండు గదులలోనూ అచ్చంగా ఒకే ద్రావణాన్ని నింపుతాము. గాఢతలో తేడా లేదు. పొర తనంతట తాను సృష్టించుకునే వోల్టేజిని కూడా బయటి నుంచి కరెంటు పంపి సున్నాకు తెస్తాము. ఇప్పుడు ఏ అయానునైనా ఒక వైపు నుంచి మరో వైపుకు నడిపించే బాహ్య కారణం ఏదీ మిగలదు. అయినా కరెంటు పారుతూనే ఉందంటే అది కణాలు శక్తి ఖర్చుపెట్టి చేస్తున్న రవాణా మాత్రమే. 1951లో డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ ఉస్సింగ్, జెరాన్ కలిసి కప్ప చర్మంపై ఈ పద్ధతిని వాడి, రేడియోధార్మిక సోడియంతో లెక్క సరిచూసి, ఆ కరెంటు నికరంగా దాటుతున్న సోడియానికి సమానమని చూపించారు. చిన్న గణితం కూడా రాసి పెట్టుకుంటున్నాను: ఒక మైక్రో ఆంపియర్ కరెంటు అంటే గంటకు 37.3 నానోమోల్ సోడియం.

సూత్రం అందంగా ఉన్నంత మాత్రాన పని సుళువు కాదు. వెండి-వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడ్లను చాంబర్‌తో కలిపే సన్నని గొట్టాలలో 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ కలిపిన అగర్ అనే జెల్లీ పోస్తాము. ఆ అగర్ చివర ఆవగింజలో పావు వంతు గాలి బుడగ చిక్కుకున్నా చాలు, తెరపై గీత వణకడం మొదలవుతుంది. వేడి అగర్‌ను గొట్టంలోకి పీల్చి, చల్లారాక రెండు కొసలనూ బ్లేడుతో ఏటవాలుగా కోసి, కోసిన ముఖాన్ని వెలుతురుకు ఎత్తి చూడడం మా అలవాటైంది. తరువాత కణాలు లేని ఖాళీ ఫిల్టరును బిగించి, ద్రావణానికీ ఫిల్టరుకూ ఉన్న నిరోధాన్ని కొలిచి, దాన్ని ప్రతి లెక్క నుంచి తీసివేస్తున్నాము. ద్రావణాన్ని 37 డిగ్రీల వద్ద ఉంచి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన ఆక్సిజన్‌ను బుడగలుగా పంపడం వల్ల బైకార్బనేటు ఉన్న ద్రావణపు పీహెచ్ 7.4 దగ్గర నిలుస్తుంది. అదే బుడగలు ద్రావణాన్ని కలుపుతాయి కూడా.

జూలై 24: అమిలోరైడ్

మొదటి నిజమైన ఫిల్టరును బిగించాము. క్లాంపు వేయకముందు, అంటే వోల్టేజిని సున్నా వద్ద పట్టి ఉంచకముందు, పొర తనంతట తాను చూపిన వోల్టేజి 40 మిల్లీవోల్టుల చుట్టుపక్కల, మూత్రం వైపు ఋణంగా ఉంది. క్లాంపు వేయగానే కరెంటు చదరపు సెంటీమీటరుకు దాదాపు 20 మైక్రో ఆంపియర్ల వద్ద నిలకడపడింది. నిరోధం 2000 ఓమ్‌లు. 20ని 2000తో గుణిస్తే 40 మిల్లీవోల్టులు వస్తాయి కనుక మూడు అంకెలూ ఒకదానితో ఒకటి పొసిగాయి.

ఇందులో ఈనాక్ వాటా ఎంతో తేల్చడానికి అమిలోరైడ్ వాడాము. ఇది చానల్ బయటి ముఖద్వారంలో ఇరుక్కుని సోడియాన్ని ఆపే మందు. ముందుగా 10 మైక్రోమోలార్ మోతాదును రక్తం వైపు గదిలో వేశాము. గీత కదలలేదు. అదే మోతాదును మూత్రం వైపు వేయగానే కొన్ని సెకన్లలో కరెంటు పదో వంతుకు పడిపోయింది. పడిపోవడంలో ఆ నిటారుతనం ముఖ్యం: మందు కణంలోకి చొరబడి, ఏదో ప్రక్రియను మార్చి, ఆ తరువాత పనిచేసి ఉంటే గీత వాలుగా దిగి ఉండేది. ఇది తలుపు, అంటే చానల్, మీదే పడిన దెబ్బ. ద్రావణాన్ని మార్చి కడిగితే కరెంటు తిరిగి లేచింది. మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ పోగా 0.1 మైక్రోమోలార్ దగ్గరే సగం కరెంటు ఆగింది. ఇంత తక్కువ గాఢతలో ఆగడం ఈనాక్‌కు గుర్తింపు చిహ్నం వంటిది. సోడియం-హైడ్రోజన్ మార్పిడి ప్రొటీన్లను ఆపాలంటే అమిలోరైడ్ దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి.

వోల్టేజి మూత్రం వైపు ఋణంగా ఉండడం కూడా గుర్తుపెట్టుకోవలసిన విషయమే. ధనావేశమున్న సోడియం వెళ్లిపోవడం వల్ల నాళం లోపలి భాగం ఋణంగా మారి, అదే పొరలో ఉన్న రోమ్‌కె అనే పొటాషియం చానల్ గుండా పొటాషియాన్ని మూత్రంలోకి లాగుతుంది. ఈనాక్‌ను మూస్తే ఆ లాగుడు కూడా తగ్గుతుంది కనుకనే అమిలోరైడ్‌ను పొటాషియం పోకుండా కాపాడే మూత్రవర్ధకంగా వాడతారు.

జూలై 28: సోడియం లేకుండా, పంపు లేకుండా

మూత్రం వైపు ద్రావణంలో సోడియానికి బదులు ఎన్-మిథైల్-గ్లూకమైన్ అనే, చానల్‌లో పట్టని పెద్ద అయానును పెట్టి చూశాము. కరెంటు సున్నాకు చేరి, మరికాస్త కిందికి కూడా దిగింది. తలుపులు తెరిచే ఉన్నా రావలసినది లేదు.

పంపును ఆపడానికి ఊబేన్ అవసరం. ఇక్కడ ఒక జాగ్రత్త: ఎలుక జాతి జంతువుల మూత్రపిండాలలోని పంపు ఊబేన్‌కు అంత తేలిగ్గా లొంగదు. కుక్క మూత్రపిండం నుంచి వచ్చిన కణాలలో మైక్రోమోలార్ మోతాదుతో అయ్యే పనికి మా కణాలలో మిల్లీమోలార్ మోతాదు కావాలి. రక్తం వైపు 1 మిల్లీమోలార్ వేశాము. కరెంటు తగ్గింది గాని అమిలోరైడ్‌కు తగ్గినట్టు కాదు; నిమిషాల తరబడి వంపు తిరుగుతూ దిగింది. పంపు ఆగిన క్షణంలో తలుపులు మూసుకోలేదు. కణంలో సోడియం సాధారణంగా పది పన్నెండు మిల్లీమోలార్ల దగ్గర ఉంటుంది, బయట 140. ఆ వాలు మీదనే, కణం లోపలి ఋణ వోల్టేజి తోడుగా, సోడియం లోపలికి దిగుతుంది. తోడేసేవాడు ఆగాక లోపల సోడియం పేరుకుని, వాలు క్రమంగా చదునై, తెరిచిన తలుపు గుండా ప్రవాహం సన్నగిల్లింది.

చానల్ ఉప్పును నెట్టదన్న మాట ఈ రెండు గీతలను పక్కపక్కన పెడితే చాలు, వేరే వాదన అక్కరలేదు. ఈ రెండు పొరల నమూనాను కప్ప చర్మానికి 1958లో కోఫోడ్-జాన్సన్, ఉస్సింగ్ ప్రతిపాదించారు: ఒక వైపు సోడియానికి దారి ఇచ్చే పొర, ఇంకో వైపు పంపున్న పొర. అంతకు ఒక ఏడాది ముందే, 1957లో, యెన్స్ స్కౌ పీత నరాలలో ఆ పంపు ఎంజైమును గుర్తించాడు. 1997లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

ఆగస్టు 1: బేరియం

రక్తం వైపు పొరలోని పొటాషియం చానళ్ల పాత్రను క్లుప్తంగా చూశాము. పంపు ప్రతి చక్రంలో మూడు సోడియం అయాన్లను బయటికి పంపి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. తెచ్చిన పొటాషియం ఈ చానళ్ల గుండా తిరిగి రక్తం వైపుకే పోతుంది. ఆ పోవడం వల్లే కణం లోపల ఋణ వోల్టేజి నిలుస్తుంది. బేరియంతో వాటిని మూస్తే సోడియం కరెంటు కూడా తగ్గింది. మామూలు ద్రావణంలో మెగ్నీషియం సల్ఫేటు ఉంటుంది కనుక బేరియం వేస్తే తెల్లని బేరియం సల్ఫేటు అడుగున పేరుకుంటుంది. అందుకే ఈ ఒక్క ప్రయోగానికి సల్ఫేటు, ఫాస్ఫేటు, బైకార్బనేటు లేని వేరే ద్రావణం కలుపుకున్నాము.

ఆరోహక భాగంలో ఇదే పొటాషియం తిరుగుడు మూత్రం వైపు జరుగుతుంది. అక్కడ ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్ అయాన్లు ఒకే ప్రొటీను మీద లోపలికి వస్తాయి. మూత్రంలో పొటాషియం తక్కువే కనుక, వచ్చిన పొటాషియాన్ని రోమ్‌కె చానల్ మళ్లీ మూత్రంలోకి వదలకపోతే ఆ ప్రొటీను కొద్దిసేపటికే ఆగిపోతుంది. క్లోరైడ్ రక్తం వైపు వేరే చానల్ గుండా బయటపడుతుంది. ఈ మూడింటిలో ఏది చెడినా బార్టర్ సిండ్రోమ్ అనే ఉప్పు పోయే జబ్బు వస్తుంది. అంటే సోడియాన్ని స్వయంగా మోయని చానల్ కూడా సోడియం రవాణాను ఆపగలదు. మా ప్రశ్నకు ఇది పక్కదారే అయినా వదలబుద్ధి కాలేదు.

ఆగస్టు 6: కాగితం మీద

ఈ రోజు చాంబర్ ముట్టుకోలేదు. 20 మైక్రో ఆంపియర్ల వెనుక ఎన్ని చానళ్లు, ఎన్ని పంపులు ఉన్నాయో లెక్కించాలనిపించింది.

ఒక్క చానల్ గుండా పోయే కరెంటును కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతిని 1976లో నెహర్, సాక్‌మన్ పరిచయం చేశారు. ఆ పద్ధతిలో చూసినవారికి ఈనాక్ మిగతా చానళ్లతో పోలిస్తే సన్నగానూ తాపీగానూ కనబడింది: వాహకత్వం 5 పికో సీమెన్స్ దగ్గర, ఒకసారి తెరుచుకుంటే సెకన్ల తరబడి తెరుచుకునే ఉంటుంది. 100 మిల్లీవోల్టుల తోపుకు దాని గుండా అర పికో ఆంపియర్ పోతుంది. అర పికో ఆంపియర్ అంటే సెకనుకు దాదాపు 31 లక్షల సోడియం అయాన్లు.

చదరపు సెంటీమీటరుకు 20 మైక్రో ఆంపియర్లను అర పికో ఆంపియర్‌తో భాగిస్తే 4 కోట్ల తెరిచిన చానళ్లు. ఆ వైశాల్యంలో కణాలు 5 లక్షలు అనుకుంటే ఒక్కో కణానికి 80 తెరిచిన చానళ్లు. సగం సమయం మూసుకుని ఉంటాయనుకున్నా 160.

ఇప్పుడు పంపు వైపు. చానల్ తెరిచిన దారి. పంపు అలా కాదు. అయాన్లను పట్టుకుని, కణానికి ఇంధనమైన ఒక ఏటీపీ అణువును ఖర్చుపెట్టి, తన ఆకారం మార్చుకుని, అవతల వదిలి మళ్లీ మొదటికి రావాలి. బాగా నడిచినప్పుడు కూడా సెకనుకు సుమారు వంద చక్రాలు, అంటే 300 సోడియం అయాన్లు. కణానికి సెకనుకు 25 కోట్ల సోడియం అయాన్లు దాటుతున్నాయి కనుక, పంపులన్నీ పూర్తి వేగంతో తిరిగినా ఒక్కో కణానికి 8 లక్షలకు పైగా పంపులు కావాలి. ఎనభై తలుపులకు ఎనిమిది లక్షల పంపులు! ఒక్క తెరిచిన తలుపు పదివేల పంపులకు పని పెడుతోంది.

ఈ అంకెలన్నీ అంచనాలే; కణాల సంఖ్య రెట్టింపైతే కణానికి చానళ్లు సగమవుతాయి. కానీ చానల్‌కూ పంపుకూ మధ్య ఉన్న నిష్పత్తి మాత్రం కదలదు. దీన్ని చూస్తే మొదట తోచే మాట, నెమ్మదిగా తిరిగే పంపే అడ్డంకి అయి ఉంటుందని. అయితే పెద్ద చెరువుకు ఒకే చిన్న తూము ఉంటే కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా పారేది తూము ఎత్తినంతే. కణం తూములను (చానళ్లను) కొద్దిగా, కాలువను (పంపులను) విశాలంగా కట్టుకుందా లేదా అన్నది కాగితం మీద తేలేది కాదు.

ఆగస్టు 14: ఆల్డోస్టిరోన్

మామూలు వర్ధన యానకంలో డెక్సామెథాసోన్ ఉంటుంది. అది కూడా ఈ కణాలలో సోడియం రవాణాను ప్రేరేపించే స్టిరాయిడే కనుక, అది ఉండగా, శరీరంలో ఉప్పును నిలిపే హార్మోను ఆల్డోస్టిరోన్ వేసి ఏమీ జరగలేదంటే అర్థం ఉండదు. అందువల్ల ముందురోజే ఫిల్టర్లన్నిటినీ హార్మోనులూ సీరమూ లేని యానకంలోకి మార్చాము. మరునాటికి కరెంటు 6 మైక్రో ఆంపియర్ల దగ్గరికి తగ్గింది. వాటిలో సగం ఫిల్టర్లకు ఆల్డోస్టిరోన్ ఇచ్చి, మిగతా సగానికి అది కరిగించిన ద్రావకం మాత్రమే ఇచ్చాము.

మొదటి అరగంటలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. గంట దాటాక తేడా మొదలై, గంటల తరబడి పెరిగి, మరునాటికి 22 మైక్రో ఆంపియర్ల దగ్గర నిలిచింది. పెరిగినదంతా అమిలోరైడ్‌తో ఆగిపోయింది. ఆ తొలి నిశ్శబ్దానికి కారణం తెలిసినదే: ఆల్డోస్టిరోన్ తలుపును నేరుగా తాకదు. కణంలోని గ్రాహకాన్ని పట్టుకుని కేంద్రకంలో జన్యువులను మేల్కొలుపుతుంది. త్వరగా తయారయ్యే వాటిలో ఎస్‌జీకే-1 అనే కైనేజ్ (ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) ముఖ్యమైనది. ఈనాక్‌ను పొర మీద నుంచి దించి నాశనానికి పంపేందుకు ముద్ర వేసే నెడ్-4-2 అనే ప్రొటీనును ఎస్‌జీకే-1 పక్కకు తప్పిస్తుంది. దాంతో చానళ్లు పొర మీద ఎక్కువసేపు నిలుస్తాయి. తరువాతి గంటలలో చానల్ ఉపభాగాల తయారీ కూడా పెరుగుతుంది.

ఈ ముద్ర వేసే వ్యవహారం ఎంత ముఖ్యమో ఒక అరుదైన జబ్బు చెబుతుంది. గ్రాంట్ లిడిల్ 1963లో వర్ణించిన కుటుంబంలో చిన్న వయసులోనే తీవ్ర రక్తపోటు, పొటాషియం తక్కువ. ఆల్డోస్టిరోన్ ఎక్కువ ఉండాలని ఎవరైనా అనుకుంటారు, కానీ అది చాలా తక్కువగా ఉంది. ఈనాక్‌లోని ఆల్ఫా, బీటా, గామా అనే మూడు ఉపభాగాలూ 1993, 1994లలో వెలుగులోకి వచ్చాక అసలు కారణం బయటపడింది. లిడిల్ సిండ్రోమ్‌లో బీటా లేదా గామా ఉపభాగపు తోక, నెడ్-4-2 పట్టుకునే చోట, దెబ్బతిని ఉంటుంది. పట్టు దొరకని చానళ్లు పొర మీదే ఉండిపోతాయి. తిరగేసిన చిత్రం కూడా ఉంది: ఈనాక్ పనిచేయకుండా పుట్టిన శిశువులలో ఆల్డోస్టిరోన్ ఎంత ఉన్నా ఉప్పు నిలవదు, పొటాషియం ప్రమాదకరంగా పెరుగుతుంది. పంపు రెండు జబ్బులలోనూ ఆరోగ్యంగానే ఉంటుంది. నా మటుకు మా ప్రశ్నకు మొదటి గట్టి సూచన ఇదే.

ఆగస్టు 22: తలుపును తప్పించి చూడడం

అసలు పరీక్ష. మూత్రం వైపు పొరకు ఆంఫోటెరిసిన్-బి అనే మందు చేరిస్తే అది పొరలో కుప్పలుగా చేరి తానే రంధ్రాలు చేస్తుంది. సోడియం, పొటాషియం వంటి చిన్న అయాన్లు వాటి గుండా స్వేచ్ఛగా పోతాయి. ఇక ఈనాక్ ఉన్నా లేకపోయినా ఒకటే. సోడియం వరదలా కణంలోకి వచ్చినప్పుడు కనబడే కరెంటు పంపుల గరిష్ఠ సామర్థ్యాన్ని చూపుతుంది. ఈ పదార్థం వెలుతురుకు చెడుతుంది కనుక డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి, సీసాకు రేకు చుట్టి, అప్పటికప్పుడు వాడాము. ముందుగా అమిలోరైడ్ వేసి ఈనాక్‌ను మూసిన తరువాతే దీన్ని వేశాము.

హార్మోను లేని ఫిల్టర్లలో 6 మైక్రో ఆంపియర్లుగా ఉన్న కరెంటు, అమిలోరైడ్‌తో దాదాపు సున్నాకు వెళ్లి, ఆంఫోటెరిసిన్ వేశాక 40 దాకా లేచింది. ఆల్డోస్టిరోన్ ఇచ్చిన వాటిలో 22 నుంచి మొదలై, అదే దారిలో 54 దాకా పోయింది. రెండు సందర్భాలలోనూ ఊబేన్ వేయగానే ఆ ఎత్తు కూలిపోయింది కనుక అది పంపుల కరెంటే.

పంపులకు తీరిక ఉందన్నమాట. హార్మోను లేనప్పుడు తమ శక్తిలో ఆరో వంతు కూడా వాడడం లేదు. అడ్డంకి తలుపు దగ్గరే. లక్షల పంపులను నిలబెట్టి, వాటి ముందు పదుల సంఖ్యలో తలుపులు పెట్టి, తలుపుల సంఖ్యతోనే ఉప్పును అదుపు చేయడం ఈ కణం పద్ధతి. ఇందులో నాకు కనబడే తెలివి ఏమిటంటే, పంపు ఎప్పుడూ వెనుకబడదు కనుక తలుపులు హఠాత్తుగా తెరుచుకున్నా లోపల సోడియం ఉప్పెనగా పేరుకోదు.

అయితే రెండో జత అంకెలను పక్కన పెట్టేయలేము. ఆల్డోస్టిరోన్ పంపుల సామర్థ్యాన్ని కూడా కొంత పెంచింది, కానీ తలుపులను పెంచినంతగా కాదు. 6కు 40 ఉన్న వెసులుబాటు 22కు 54 దగ్గర ఇరుకైంది.

ఆగస్టు 27: ట్రిప్సిన్

తలుపులు ఇంకా పెరిగితే ఏమవుతుందో చూడడానికి వేరే మార్గం పట్టాము. ఈనాక్ పూర్తిగా తెరుచుకోవాలంటే దాని బయటి భాగంలో కొన్ని చోట్ల కోతలు పడాలి. కణం లోపలే ఫ్యూరిన్ అనే ఎంజైము ఆల్ఫాలో రెండు చోట్ల, గామాలో ఒక చోట కోస్తుంది. గామాలో రెండో కోత పొర మీది ప్రోస్టాసిన్ వంటి ఎంజైముల వల్ల పడుతుంది. కోతల నడుమ ఉన్న ముక్క ఊడిపోతే చానల్‌ను పట్టి ఉంచే అడ్డు తొలగుతుంది. రాత్రంతా అప్రోటినిన్ అనే ప్రొటియేజ్ (ప్రొటీన్లను కోసే ఎంజైము) నిరోధకంలో ఉంచిన ఫిల్టర్లలో కరెంటు సగానికి పడింది. దాన్ని కడిగేసి, మూత్రం వైపు, ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్ కాస్త వేయగా కొద్ది నిమిషాలలోనే లేచి పాత స్థాయిని దాటింది. కొత్త ప్రొటీను తయారవడానికి ఆ వ్యవధి చాలదు. పొర మీద పనిచేయకుండా పడి ఉన్న చానళ్లు మేల్కొన్నాయి.

ఆల్డోస్టిరోన్ మీద ట్రిప్సిన్ కూడా వేసిన ఫిల్టర్లు 31 మైక్రో ఆంపియర్లకు చేరాయి.

సెప్టెంబరు 3: కొద్దిగా ఊబేన్

వెసులుబాటు ఇరుకవుతోందన్నది నిజమైతే ఒక జోస్యం చెప్పవచ్చు. పంపులలో కొన్నిటిని మాత్రమే ఆపే స్వల్ప మోతాదు ఊబేన్, హార్మోను లేని ఫిల్టర్లను పెద్దగా తాకకూడదు. మిగిలిన పంపులు కాస్త ఎక్కువ తిరిగి సరిపెట్టుకోవాలి. తలుపులు ఎక్కువ తెరిచిన ఫిల్టర్లలో మాత్రం అదే మోతాదుకు కరెంటు తగ్గాలి.

రక్తం వైపు 50 మైక్రోమోలార్ ఊబేన్ వేశాము. హార్మోను లేని వాటిలో గీత కాస్త వంగి మళ్లీ దాదాపు అదే మట్టానికి చేరింది. ఆల్డోస్టిరోన్, ట్రిప్సిన్ రెండూ తిన్న ఫిల్టర్లలో నాలుగో వంతుకు పైగా తగ్గి అక్కడే నిలిచింది. ఈ తగ్గుదలలో ఒక భాగం తలుపు వైపు నుంచి వచ్చి ఉండవచ్చు, ఎందుకంటే కణం లోపల సోడియం పెరిగితే ఈనాక్ తన చొరవను తానే తగ్గించుకుంటుంది. అయినా ఆ తగ్గింపుకు కూడా మూలం పంపు వెనుకబడడమే.

ఎదురు పరీక్షగా అదే రకం ఫిల్టర్లలో ముందుగా 0.1 మైక్రోమోలార్ అమిలోరైడ్‌తో సగం తలుపులు మూసి, తరువాత అదే మోతాదు ఊబేన్ ఇచ్చాము. ఈసారి పంపు తగ్గిన లోటు దాదాపు కనబడలేదు. కనుక ఒకే కణం, అవే పంపులు. పంపు లెక్కలోకి వస్తుందా రాదా అన్నది ఆ క్షణంలో ఎన్ని ఈనాక్ చానళ్లు తెరిచి ఉన్నాయన్న దాన్ని బట్టి మారుతోంది.